వర్జినల్‌కు ఆ పేరెట్లా వచ్చింది?



లండన్ నగరం పేరు చెప్పగానే మనవారికి ముందుగా బ్రిటిష్ మ్యూజియం గుర్తుకు వస్తుంది. మన అమరావతి స్తూపానికి చెందిన శిల్పాలు అనేకం అక్కడ ఉండటమే అందుకు కారణం. కాని ఈసారి మనం అక్కడికి పోవటం లేదు. అదే నగరంలో, పడమటి వైపున, సౌత్ కెన్సింగ్టన్ అనే పేట ఉన్నది. అక్కడ ఒక దాని పక్కన ఒకటిగా మూడు పెద్ద మ్యూజియంలు కనిపిస్తాయి. ఒకటి జంతువులదీ, రాళ్ళదీ, మరొకటి యంత్రాలది, మూడోది కళలకూ, చేతిపనులకూ సంబంధించినది. ఈ మూడోదాని పేరు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. 1852లో మొదలైన ఈ సంస్థకు 1899లో ఈ పేరు పెట్టారు.

మైసూరు టిప్పు సుల్తాను పులిబొమ్మను గురించి మీరు వినే ఉంటారు. తెల్లదొర మీద పడి కరుస్తున్న ఆ కొయ్యపులి ఉన్నది ఈ మ్యూజియంలోనే. ఆ పులి పక్కన ఉన్న మూత తెరిస్తే లోపల మన హార్మోనియంకు ఉన్నట్లు మెట్లు కనిపిస్తాయి. అంటే ఆ పులి బొమ్మా, వాద్యమూ రెండూనన్నమాట. అయితే మనం చూడవలసిన వాద్యం అది కూడా కాదు. ఇదే మ్యూజియం సేకరణలో ఉన్న మరొక చిన్న మెట్ల వాద్యం. దానిని "ఎలిజబెత్ రాణి వర్జినల్" అంటారు.

చూడటానికి అది మూత ఉన్న పొడుగాటి చెక్కపెట్టె. సైప్రస్ కర్రతో చేసి, పైన రంగులూ బంగారుపూతా వేశారు. ఒక పక్కన మెట్లు బారుగా అమర్చి ఉంటాయి. 1594 ప్రాంతంలో, ఇటలీ దేశపు వెనిస్ నగరంలో, జొవాన్నీ బాఫో అనే పనివాడు దీనిని చేశాడని అంటారు. దాని మీద ఇంగ్లండు రాజచిహ్నం ఉన్నది. ఇంకొక చోట ఒక పక్షి బొమ్మ కూడా ఉన్నది. ఆ పక్షిని గుర్తు పెట్టుకోండి. చివర దానితో మనకు పని ఉన్నది.

ముందు ఈ పెట్టె ఎట్లా మోగుతుందో తెలుసుకుందాం. ఇది తెలియకపోతే దీని పేరు కథ మనకు అర్థం కాదు.

హార్మోనియం మీకు తెలుసు. ఒక చేత్తో తిత్తి కొడుతూ రెండో చేత్తో మెట్టు నొక్కితే, గాలి వెళ్ళి లోపలి లోహపు రేకును కదిలిస్తుంది, అది మోగుతుంది. వీణ కూడా మీకు తెలుసు. తీగను గోటితో మీటితే నాదం పలుకుతుంది. ఇప్పుడు హార్మోనియం మెట్టు నొక్కితే వీణ తీగ మీటినట్లు మోగిందనుకోండి. అదే వర్జినల్!

పెట్టె లోపల తీగలు అడ్డంగా, మెట్ల బారుకు సమాంతరంగా బిగించి ఉంటాయి. ప్రతి మెట్టు చివరా ఒక సన్నని చెక్కబద్ద నిలబడి ఉంటుంది. ఆ బద్దకు పక్కగా పక్షి ఈక కాడ ముక్క ఒకటి ముల్లులా పొడుచుకొని ఉంటుంది. ఈవైపు మెట్టు నొక్కితే, ఉయ్యాలబల్ల మాదిరిగా ఆ కొస పైకి లేస్తుంది. దానితో బద్ద లేస్తుంది. ఈక మొన తీగను మీటుతుంది. వేలు తీయగానే బద్ద కిందికి జారుతుంది. దాని మీద ఉన్న గుడ్డ ముక్క తీగను తాకి నాదాన్ని ఆపుతుంది. వేలితో గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా ధ్వనిలో పెద్ద తేడా ఉండదు. ఒక గదిలో కూర్చున్న నలుగురికి వినిపించేటంత సన్నని తీయని ధ్వని అది.

ఇక పేరు సంగతి. ఈ ఒక్క పెట్టెకే రెండు పేర్లు ఉన్నవి. బాఫో పనిచేసిన ఇటలీలో ఇటువంటి వాద్యాన్ని "స్పినెట్టా" అనేవారు. ఇంగ్లండులో మాత్రం, మెట్లు నొక్కితే తీగ మీటే వాద్యాలన్నిటినీ ఆ రోజుల్లో "వర్జినల్స్" అనేవారు. మీరు ఇంగ్లీషులో కత్తెరను ఒక జత అని చెప్పటం నేర్చుకున్నారు కదా? అట్లాగే ఒక్క వర్జినల్‌ను కూడా ఒక జత వర్జినల్స్ అనేవారు. జత అన్నంత మాత్రాన పెట్టెలు రెండు అనుకోకూడదు.

స్పినెట్టా అన్న పేరు సంగతి కొంత సులభం. లాటిన్ భాషలో "స్పీనా" అంటే ముల్లు. తీగను మీటే ఈక మొన ముల్లులా ఉంటుంది గనుక "చిన్న ముల్లు" అనే అర్థంలో ఆ పేరు వచ్చిందన్నమాట. 1561లో అచ్చయిన ఒక గ్రంథంలో స్కాలిజర్ అనే పండితుడు ఈ మాటే వ్రాశాడు. మనం కూడా గడియారంలో తిరిగే పుల్లను ముల్లు అంటున్నాము గదా! కాని 17వ శతాబ్దం మొదట్లో బాంకియేరి అనే ఇటలీ సంగీత పండితుడు వేరొక కథ చెప్పాడు. వెనిస్ నగరంలో స్పినెట్టి అనే పనివాడు ఉండేవాడనీ, అతని పేరే వాద్యానికి వచ్చిందనీ, అతను 1503లో చేసిన వాద్యాన్ని తాను చూశాననీ వ్రాశాడు. ఎక్కువమంది పండితులు ముల్లు వైపే మొగ్గుతారు. కొందరు స్పినెట్టిని కూడా కొట్టిపారెయ్యరు.

వర్జినల్ అన్న పేరుకు మాత్రం చాలా అందమైన కథ ఒకటి ప్రచారంలో ఉన్నది.

ఇంగ్లండును 1558 నుంచి 1603 వరకు పాలించిన మొదటి ఎలిజబెత్ రాణి పెళ్ళి చేసుకోలేదు. ఆమెను "వర్జిన్ క్వీన్" అనేవారు, అంటే కన్యారాణి. ఆమెకు ఈ వాద్యమంటే చాలా ఇష్టం. 1564లో స్కాట్లండు నుంచి మెల్విల్ అనే రాయబారి వచ్చాడు. ఆస్థానంలోని ఒక ప్రభువు అతన్ని ఒక గది దగ్గరకు తీసుకుపోయాడు. లోపల రాణి ఒంటరిగా వర్జినల్ వాయించుకుంటున్నది. రాయబారి చాటుగా నిలబడి విన్నాడు. రాణి అతన్ని చూసి వాయించటం ఆపింది. తరువాత మెల్లగా, స్కాట్లండు రాణి బాగా వాయిస్తుందా, తాను బాగా వాయిస్తుందా అని అడిగింది! వాయించటంలో మీరే మెరుగు అని రాయబారి ఒప్పుకోవలసి వచ్చింది. ఈ సంగతి మెల్విలే తన జ్ఞాపకాలలో వ్రాసుకున్నాడు.

కన్యారాణి వాయించిన వాద్యం కాబట్టి దానికి వర్జినల్ అనే పేరు వచ్చిందని ఆ కథ. వినటానికి ఎంత బాగున్నది! పైగా అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి నిజంగానే ఈ రాణిని బట్టే పేరు పెట్టారు. 1580 తరువాత ఇంగ్లండువారు అక్కడ అడుగు పెట్టినప్పుడు పెట్టిన పేరది. అట్లాంటప్పుడు వాద్యానికి మాత్రం ఎందుకు పెట్టి ఉండకూడదు?

ఇక్కడ మనం పలక తీసుకొని చిన్న లెక్క చేద్దాం.

ఎలిజబెత్ పుట్టింది 1533లో. ఆమె తండ్రి ఎనిమిదవ హెన్రీ రాజు. ఆయన సొంత ఖర్చుల లెక్కల పుస్తకంలో 1530లో వర్జినల్స్ కొన్నట్లు వ్రాసి ఉన్నది. అప్పటికి కూతురు పుట్టనే లేదు! ఇంకా వెనక్కి పోదాం. 1511లో స్విట్జర్లండులోని బాసెల్ నగరంలో విర్డుంగ్ అనే ఆయన పుస్తకం అచ్చయింది. వాద్యాలను గురించి అచ్చయిన మొట్టమొదటి పుస్తకం అదే. అందులో ఈ పెట్టె బొమ్మ ఉన్నది, వర్జినల్ అన్న పేరూ ఉన్నది. మరికొంచెం వెనక్కి పోదాం. 1460 ప్రాంతంలో ప్రాగ్ నగరానికి చెందిన పౌలిరీనుస్ అనే పండితుడు ఇరవై కళలను గురించి లాటిన్‌లో ఒక గ్రంథం వ్రాశాడు. అందులో కూడా వర్జినల్ ఉన్నది.

1533లోనుంచి 1460 తీసివెయ్యండి. 73 మిగులుతుంది. రాణి పుట్టటానికి సుమారు డెబ్బై సంవత్సరాల ముందే వాద్యానికి ఆ పేరు ఉన్నదన్నమాట. మనుమరాలి పేరు ముత్తవ్వకు పెట్టటం ఎక్కడన్నా ఉన్నదా? అందమైన కథ ఒక్క తీసివేత లెక్కతో కూలిపోయింది.

మరి అసలు అర్థం ఏమిటి? లాటిన్‌లో దగ్గర దగ్గరగా వినిపించే రెండు మాటలు ఉన్నవి. "విర్గా" అంటే సన్నని కర్ర, బెత్తం. "విర్గో" అంటే కన్య. పెట్టె లోపల లేచి పడే చెక్కబద్దలను బట్టి పేరు వచ్చిందని కొందరు విర్గా పక్షం. కన్యను బట్టి వచ్చిందని కొందరు విర్గో పక్షం.

దీనిని తేల్చటానికి వ్యాకరణం కొంత సాయం చేస్తుంది. తెలుగులో "ఇల్లు" అన్న మాటకు "గడప" చేర్చితే "ఇల్లు గడప" అనము, "ఇంటి గడప" అంటాము. "కన్ను" అన్న మాట "కంటి చూపు"లో "కంటి" అయింది. మాట మరొక మాటతో కలిసేటప్పుడు రూపం మార్చుకున్నది. లాటిన్‌లో కూడా అంతే. "విర్గో" అన్న మాట మరొకదానితో కలిసేటప్పుడు "విర్గిన్" అవుతుంది. "విర్గా"కు ఆ "న" కారం రాదు. మన వాద్యం పేరులో "న" కారం స్పష్టంగా ఉన్నది కదా! అందుచేత వ్యాకరణం కన్య వైపే చెయ్యి చూపిస్తుంది.

కన్యకూ చెక్కపెట్టెకూ ఏమిటి సంబంధం? పౌలిరీనుస్ తన గ్రంథంలోనే దీనికి జవాబు చెప్పాడు. దీని నాదం కన్య కంఠంలా మెత్తగా, తీయగా ఉంటుంది గనుక ఆ పేరు వచ్చిందట. ఇప్పటికి మనకు దొరికిన వివరణలలో పాతది ఇదే.

ఇంకొక వివరణ కూడా ఉన్నది. దాని కోసం మనం నగరం నడిమికి, ట్రఫాల్గర్ స్క్వేర్ అనే కూడలికి పోవాలి. అక్కడ నేషనల్ గ్యాలరీ అనే చిత్రశాల ఉన్నది. హాలండు చిత్రకారుడు వెర్మేర్ 1670 తరువాత కొద్ది ఏళ్ళలోపల వేసిన రెండు చిన్న పటాలు ఆ చిత్రశాలవి. ఒకదానిలో ఒక యువతి వర్జినల్ ముందు నిలబడి మెట్ల మీద వేళ్ళు ఉంచింది. రెండవదానిలో ఒక యువతి కూర్చొని వాయిస్తున్నది. ఇద్దరూ మన వైపు తిరిగి చూస్తుంటారు, వాయిస్తూ ఉండగా మనం తలుపు తెరిచినట్లు! ఇటువంటి పటాలు చూసినవారు, కన్నెపిల్లలు వాయించేది కనుక ఆ పేరు వచ్చిందన్నారు. 1613 ప్రాంతంలో వర్జినల్ కోసం ఇంగ్లండులో మొదటిసారిగా అచ్చయిన సంగీత పుస్తకానికి "పార్థీనియా" అని పేరు పెట్టారు. అది కూడా గ్రీకు భాషలో కన్యకు సంబంధించిన మాటే.

కాని మీరు తొందరపడకండి. ఆ పటాలు ఎప్పటివి? 1670 తరువాతవి. ఆ పుస్తకం ఎప్పటిది? 1613 ప్రాంతానిది. పేరు ఎప్పటిది? 1460 నాటికే ఉన్నది. రెండు వందల ఏళ్ళ తరువాత ఎవరు వాయించారో చూసి, మొదట పేరు ఎందుకు పెట్టారో చెప్పలేము. పైగా మగవారు వాయించలేదా అంటే, ఎనిమిదవ హెన్రీ రాజే వాయించేవాడు. పార్థీనియాలోని సంగీతం కూర్చిన బర్డ్, బుల్, గిబ్బన్స్ అనే ముగ్గురూ మగవారే, గొప్ప వాద్యకారులే.

తేదీల మాట వచ్చింది కాబట్టి ఇంకొక చోటికి కూడా పోయివద్దాం. లండన్ నుంచి ఉత్తరంగా రైలులో ఒక గంట పోతే కేంబ్రిడ్జ్ వస్తుంది. అక్కడ ఫిట్జ్‌విలియం మ్యూజియంలో చేతితో వ్రాసిన ఒక లావుపాటి సంగీత పుస్తకం ఉన్నది. వర్జినల్ మీద వాయించే రచనలు దగ్గర దగ్గర 300 అందులో ఉన్నవి. ఆ సంగీతం ఇంత పెద్ద మొత్తంలో మరే పుస్తకంలోనూ మనకు మిగలలేదు. దీనిని ఒకప్పుడు "ఎలిజబెత్ రాణి వర్జినల్ పుస్తకం" అని పిలిచేవారు. అయితే లోపల ఒక రచన దగ్గర 1612 అని సంవత్సరం వేసి ఉన్నది. రాణి చనిపోయింది 1603లో. 1612లోనుంచి 1603 తీసివేస్తే 9. చనిపోయిన తొమ్మిదేళ్ళకు పుట్టిన సంగీతం రాణిగారి పుస్తకంలోకి ఎట్లా వచ్చింది? కాబట్టి అది ఆమె పుస్తకం కాదు. ఇప్పుడు దానిని ఫిట్జ్‌విలియం వర్జినల్ పుస్తకం అంటున్నారు. 1816లో దానిని విశ్వవిద్యాలయానికి వదిలిపోయిన ప్రభువు పేరది.

చూశారా? పేరు గొప్పవారి దగ్గరకు పరుగెత్తుతుంది. ఎక్కడన్నా ఒక పాత వస్తువు కనపడితే, అది రాణిగారిదే, రాజుగారిదే అని చెప్పుకోవాలని జనానికి కోరిక. ఇది ఒక్క ఇంగ్లండు సంగతే కాదు. మన "తెలుగు" అన్న పేరునే తీసుకోండి. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం అనే మూడు లింగక్షేత్రాల నడుమ దేశం గనుక "త్రిలింగ" అనీ, దాని నుంచి తెలుగు అనీ మీరు చదివి ఉంటారు. "తెన్" అంటే దక్షిణం గనుక తెనుగు అని మరికొందరు. దీని మీద పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. మీ ఊరి పేరుకు కూడా ఏదో ఒక కథ ఉండే ఉంటుంది. రాముడు ఇక్కడ ఆగాడనో, భీముడు ఇక్కడ బకాసురుణ్ణి చంపాడనో అవ్వలు చెబుతారు. ఆ కథ శ్రద్ధగా వినండి. అవ్వను ఎగతాళి చెయ్యవద్దు. కథకు ఉండే విలువ కథకు ఉన్నది. కాని తరువాత మీ మాస్టారి దగ్గరకు పోయి, ఈ పేరు అన్నిటికంటె ముందు ఏ శాసనంలో, ఏ కాగితంలో కనిపిస్తున్నదని అడగండి. సంవత్సరం తెలిస్తే సగం పని అయినట్లే.

లెక్కలు వేసి అందమైన కథను పాడుచేశానని మీలో కొందరికి కోపం వచ్చి ఉండవచ్చు. అటువంటివారి కోసమే ఆ పక్షిని చివరకు ఉంచాను.

లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున టవర్ అనే పాత కోట ఉన్నది. ఎలిజబెత్ తల్లి పేరు ఆన్ బొలీన్. ఎనిమిదవ హెన్రీ రాజు ఆమె మీద రాజద్రోహం మోపి, 1536 మే 19న ఆ కోటలో ఆమె తల తీయించాడు. అప్పటికి ఎలిజబెత్ వయస్సు రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు. ఇంకా మూడో ఏడు నిండని పిల్ల. తల్లి ముఖమైనా ఆమెకు జ్ఞాపకం ఉన్నదో లేదో! ఆన్ బొలీన్ రాణిగా ఉన్నప్పుడు ఆమెకు ఒక సొంత చిహ్నం ఉండేది. కిరీటం పెట్టుకొని, కాలితో రాజదండం పట్టుకున్న డేగ. ఆమె చనిపోయిన తరువాత రాజుగారి ఇళ్ళలో ఆ చిహ్నాన్ని ఎవరు ఉంచుకుంటారు? రాజు కొద్దిరోజులలోనే వేరొక ఆమెను పెళ్ళి చేసుకున్నాడు.

ఇప్పుడు మళ్ళీ సౌత్ కెన్సింగ్టన్‌లోని మ్యూజియంకు రండి. ఆ వర్జినల్ ఎలిజబెత్ రాణిదే అయి ఉంటుందని పండితులు ఎందుకంటున్నారో తెలుసా? వాద్యం పేరును బట్టి కాదు. దాని మీద రాజచిహ్నం ఉన్నది, దానితోపాటు ఆ పక్షి ఉన్నది. కాలితో రాజదండం పట్టుకున్న ఆన్ బొలీన్ డేగ!

వాద్యానికి రాణి తన పేరు ఇవ్వలేదు. తల్లి గుర్తును మాత్రం దాని మీద ఉంచుకున్నది. వాయించటానికి కూర్చున్నప్పుడల్లా కళ్ళ ఎదుట ఉండేటట్లు.

చివరగా ఒక్క లెక్క మిగిలింది. వాద్యం చేసింది 1594 ప్రాంతంలో. తల్లి పోయింది 1536లో. తీసివేత మీరే చెయ్యండి. వచ్చిన అంకె ఎంతో మీ అమ్మకు చెప్పి, అది ఎన్నాళ్ళ జ్ఞాపకమో ఆమెతో చెప్పండి.